అడవి నడుమ అతిథిగృహము



యాత్రావర్ణనములకు మన భాషలో కొఱత లేదు. కొండ యెంత యెత్తో, సరస్సెంత నిర్మలమో, సూర్యాస్తమయ మెట్టి వన్నెలు చిమ్మెనో చెప్పు పుటలు వేలకొలది కలవు. కాని యా కొండ యడుగున బసచేసిన యాత్రికునకు తెల్లవాఱుజామున వేడినీళ్లు కాచి యిచ్చిన వారెవరు? తడిసిన మేజోళ్లను పొయ్యిచెంత నార్చిన వారెవరు? ప్రొద్దుగూకు వేళకు రొట్టె కాల్చి, చారు మరిగించి, ‘రండి, భోజనము సిద్ధము’ అని పిలిచిన వారెవరు? ఈ ప్రశ్న యాత్రికునకు సాధారణముగ తోచదు. తోచినను పుస్తకమున కెక్కదు. గృహిణికి మాత్రము మొట్టమొదట నిదియే తోచును. అందుచే నేనీ వ్యాసమున చూడవచ్చిన వారిని విడిచి, అట్టిచోట నుండి పనిచేయు వారిని గూర్చి వ్రాయబూనితిని.

దేశాంతరము పోయి, ఊరికి దూరమైన యడవిలో నొక ఋతువు కాలము పనిచేసి, ఆ జీతముతో మఱికొంత దేశము చూచి వచ్చుట పాశ్చాత్య యువజనులలో చాలకాలముగ నున్న యాచారము. ఇటీవల నది మన గుమ్మముల కడకును వచ్చినది. ఇట్టి బసను వారు లాడ్జి యందురు. ఆ పేరు వినగానే మనకు బస్సుస్టాండు చేరువను, మెట్లక్రింద బల్ల వేసికొని గుమాస్తా కూర్చుండు అద్దెగదుల మేడ మనసునకు వచ్చును. ఇది యది కాదు. అంగడి లేని, ఆసుపత్రి లేని, పెక్కుచోట్ల సెల్‌ఫోను పలుకని యడవిలో పదో యిరువదో కుటీరములు, నడుమ నొక భోజనశాల, చుట్టును మృగములు. అడవి చూడవచ్చిన వారికి కూడు, గూడు, దారి చూపుటయే దాని పని. ఒక విధముగ చూచిన మన పూర్వులు తీర్థమార్గములందు నడపిన సత్రములకు నిది దూరపు చుట్టము.

ఒక్క నిజమైన బస కథ చెప్పిన, మిగిలినవాని స్వభావము దానంతట బోధపడును. ఆ బసను నెలకొల్పినవారిలో నిరువురు స్త్రీలగుటచే నది మనకు మఱింత రుచించును.

మావారు పాఠశాలలో గోడకు వ్రేలాడదీయు ప్రపంచపటమున ఎడమవైపు పైమూల, ఇంచుమించు పటపు కఱ్ఱకు తగులుచు, అలాస్కా యను దేశభాగము కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నదియే పెద్దది. అందు 20,310 అడుగుల యెత్తుగల హిమశిఖర మొకటి కలదు. ఉత్తర అమెరికా ఖండమున నంతకు మించిన శిఖరము లేదు. అచటి యాదివాసులు దానిని తమ భాషలో ‘ఉన్నతమైనది’ యను నర్థము వచ్చునట్లు దెనాలి యని పిలుచుచు వచ్చిరి. అమెరికా ప్రభుత్వము చిరకాలము మెకిన్లీ యను అధ్యక్షుని పేర వ్యవహరించి, 2015లో దెనాలి యని మార్చి, 2025లో మరల మెకిన్లీ యనినది. పేరు కొఱకు మనుష్యులు పడు తగవులతో నిమిత్తము లేక పర్వతము మాత్రము మబ్బుల చాటుననే యెక్కువ దినములు గడపును. వేసవిలో మూడు దినములకొక దినము కనబడిన నదృష్టమే యందురు. దాని చుట్టునున్న యరణ్యమును 1917లో రక్షితవనముగ నేర్పఱచిరి. 1980లో దానిని విస్తరింపజేసి దెనాలి జాతీయోద్యానమని పేరు పెట్టిరి. దాని వైశాల్య మిప్పుడు సుమారు 60 లక్షల ఎకరములు. అంత వనమునకు దారి యొక్కటే. దాని పొడవు 92 మైళ్లు. అందు మొదటి 15 మైళ్లు మాత్రమే తారుబాట, ఆపైన మట్టిబాట.

ఇక నా యిరువురు స్త్రీల కథ. వారి పేర్లు సీలియా హంటర్, జిన్నీ వుడ్. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో స్త్రీలకు విమానము నడపు దళమొకటి యుండెను. యుద్ధవిమానములను కార్ఖానాలనుండి సైనికస్థావరములకు చేర్చుట మున్నగు పనులు వారు చేయుచుండిరి. వీరిరువురు నా దళమునందలివారే. అలాస్కాకు పోవలసిన విమానములను మాంటనా రాష్ట్రమందలి గ్రేట్ ఫాల్స్ అను నూరివఱకు స్త్రీలు నడపవచ్చును. అచట దిగి, వానిని పురుషుల కప్పగింపవలెను. ఆవలి దారి స్త్రీలకు నిషిద్ధము. విమాన మదే, ఆకాశ మదే, నడపు నేర్పు నదే. గీత మాత్ర మచట గీచియుండెను. 1944 డిసెంబరులో నా దళమును రద్దుచేసి స్త్రీలను ఇండ్లకు పంపివేసిరి. వారిని సైనికులుగ గుర్తించు చట్టము 1977లో గాని రాలేదు.

యుద్ధానంతరము వీరిరువురును, ‘అంత దూరము పోనీయని యా దేశమేదో చూతముగాక’ యని, 1946 డిసెంబరులో సియాటిల్ నగరమునుండి రెండు పాత విమానములను అలాస్కాకు చేర్చు పనికి పూనుకొనిరి. మంచుతుపానుల మధ్య ఆగుచు, దిగుచు, మరల నెగురుచు, 1947 జనవరి మొదటి దినమున ఫెయిర్‌బాంక్స్ పట్టణము చేరిరి. నిప్పుకడ కూర్చుండినను దంతములు గడగడలాడు చలికాలమది. తిరిగిపోవలసినవారు తిరిగిపోలేదు. తరువాత వారు ఐరోపా పోయి సైకిళ్లపై దేశములు తిరిగిరి. అచటి పర్వతములలో నడకయాత్రికులకై నడపు చిన్న బసలను చూచిరి. ఆడంబరము లేని కుటీరము, అందఱకు నొకే బల్లపై భోజనము, ఎదుట పర్వతము. ఇట్టిది అలాస్కాలో నేల యుండరాదను తలంపు వారికి పుట్టెను.

జిన్నీ భర్త వుడీ ఆ వనమున రక్షకోద్యోగిగ నుండెను. ఆయనతో గూడి 1951లో, నాటి యుద్యానపు సరిహద్దున కించుక వెలుపల, వండర్ సరస్సు చేరువను నొక కొండవాలు చూచిరి. అచటినుండి మహాశిఖరము నిలువెల్ల కనబడును. అచట 1952లో గుడారములతో ‘క్యాంప్ దెనాలి’ యను బసను తెఱచిరి. అప్పటికి బయటి లోకమునుండి ఆ వనమునకు రోడ్డు లేదు. రైలులో వచ్చి, స్టేషనునుండి సుమారు 90 మైళ్లు ఆ మట్టిబాటపై పోవలెను. 1957 వఱకు బయటి రోడ్డు కలియలేదు. మేకు మొదలు మైదాపిండి వఱకు ప్రతి వస్తువు నా దారినే రావలెను. వారు తామే మ్రాకులు కోసి, తామే కప్పులు వేసి, తామే వండి వడ్డించి, 1975 వఱకు ఆ బసను నడపిరి. ఆ పిదప దానిని మఱియొక దంపతులకు అప్పగించిరి. ఆ బస నేటికిని నడచుచున్నది.

ఇప్పుడట్టి బసలో పనిచేయువారి దినచర్య యెట్టిదో చూతము.

కాలము జూన్ మొదలు సెప్టెంబరు నడిమి వఱకే. తక్కిన కాలమంతయు మంచు పాలు. జూన్ మాసమున సూర్యుడు దినమునకు ఇరువది గంటలకు మించి యాకాశమున నుండును. ‘చీకటి పడినది, ఇక పని చాలించుదము’ అను మాట కచట చోటు లేదు. గడియారమును నమ్మి నిద్రపోవలెను. కిటికీలకు నల్లని తెరలు కట్టుకొనవలెను. నేల కొన్ని యడుగుల లోతునుండి ఏడాది పొడవునను మంచుగడ్డయై యుండును; అందుచే చెట్లు కుఱుచలు, గడ్డి నాచు పొదలు మెండు. వేసవి నడుమను ఒక్కొక్క దినము మంచు కురియును. దోమల సంగతి చెప్ప నలవిగాదు. ఆ విషయమున మన గోదావరి లంకలవారు మాత్రమే వారికి సాటి.

కుటీరములలో కట్టెల పొయ్యి, వెలుగునకు గ్యాసు దీపము, బయట నూటనీటి కొళాయి, కొంచెము దూరమున మఱుగుదొడ్డి, అందఱకు నుమ్మడి స్నానశాల: ఆ బసలో చిరకాలముగ నున్న యేర్పాటిది. పనివారు వేకువనే లేచి పొయ్యిలు రాజేయుదురు. రొట్టె యచటనే కాల్చవలెను, అతిథులు అడవిలోనికి పోవునపుడు కొనిపోవుటకు మధ్యాహ్నపు చద్ది కట్టవలెను, వారు వెడలిన పిమ్మట పక్కలు దులిపి దుప్పటులు మార్చవలెను, కట్టెలు మోయవలెను, సాయంకాలమునకు మరల బల్ల సిద్ధము చేయవలెను. ‘నేను వంటకత్తెను, చీపురు పట్టను’ అను భేద మట్టిచోట్ల సాగదు. పదిమంది పని నలుగురు చేయుచోట అందఱు నన్నియు నేర్వవలసినదే.

ఇందు ముఖ్యమైన విద్య యొకటి కలదు. దానిని మనము విద్యయని యెంచము గాని, అది లేనిచో నట్టి బస మూడు దినములు నిలువదు. ముందుచూపుతో సరకు లెక్కించుటయే యా విద్య. ఉప్పు నిండుకొన్న పక్కింటి కడకు చేట పట్టుకొని పోవుట కచట పక్కిల్లు లేదు. సరకు తెచ్చు బండి మఱల నెన్నడు వచ్చునో యెఱిగి, నాటివఱకు ఎందఱు తిందురో, అందెవరికేది సరిపడదో లెక్క వేయవలెను. 2021 ఆగస్టు మాసమున నా వనమార్గము నడిమి భాగమున, 43వ మైలు ఆవల, కొండచరియ జారి దారి తెగినది. ఆపైన ఆ చివరనున్న బసలకు అతిథులును వస్తువులును చిన్న విమానములలో రావలసి వచ్చెను. ఆకాశము మబ్బు పట్టెనా, విమానము రాదు. విమానము రాకున్నను ఆకలి వచ్చును. వానకాలమున దారులు తెగు పల్లెలలో కాపురము చేసిన మన యమ్మమ్మలు, ఊరగాయ జాడీలతో, ఎండబెట్టిన వరుగులతో, అటుకమీది పప్పుబస్తాతో నీ విద్యనే యభ్యసించిరి. వారికి పట్టము నెవ్వరు నీయలేదు.

రెండవ విద్య మృగములతో కాపురము. అచటి పెద్ద ఎలుగుబంట్లకు 300 గజములలోపున మనుష్యులు పోరాదని నిబంధన. ఎలుగుబంటి ముక్కు మిక్కిలి వాడియైనది. తినుబండారములే గాక, పండ్లు తోము ముద్ద, సబ్బు, సువాసన నూనె సయితము గుడారములో నుంచుకొనరాదు. తాళము గల గదిలోనో, మృగము తెఱవలేని గట్టి డబ్బాలోనో భద్రపఱచవలెను. ఒక్కమాఱు మనుష్యుని తిండి రుచి మరిగిన యెలుగుబంటి మరల వచ్చును; వచ్చుచుండిన దానిని తుదకు చంపవలసి వచ్చును. కావున నచట వంటపాత్ర కడుగక విడుచుట సోమరితనము మాత్రమే కాదు, ఒక ప్రాణి చావునకు కారణము కావచ్చును. మన బిడ్డ పెట్టె యడుగున అమ్మ దాచిపెట్టిన గోంగూర పచ్చడి సీసా యచట నెంత జాగరూకతతో నుంచవలసినదో మీరే యూహింపుడు!

ఈ సంగతులు నేను మా వీథి స్త్రీలతో చెప్పుచుండగా ఒక తల్లి యిట్లనినది: ‘వదినగారూ, మా పిల్లయు ఆస్ట్రేలియా పోయి యట్టిచోట పనిచేసెదనని పట్టుపట్టియున్నది. ఇంట కాఫీగ్లాసు కడుగుమన్న కడుగని పిల్ల, అచట ఎవరెవరి కంచములో కడుగునట! దీనికి డిగ్రీ చదువేల? దేశాంతరమేల?’

నలుగురును నవ్విరి గాని యా తల్లి నవ్వలేదు. ఆమె మాటలో రెండు ప్రశ్నలున్నవి. ఈ పని నీచమా యనునది పైకి పలికినది. నా బిడ్డ క్షేమముగ నుండునా యనునది పలుకలేక మింగినది.

మొదటిదానికి బదులు భారతమందే కలదు. అజ్ఞాతవాసమున భీమసేనుడు వలలుడను పేర విరాటుని వంటశాలలో గరిటె పట్టెను. ద్రౌపది సైరంధ్రియై సుధేష్ణ కొలువున ప్రవేశించెను. ఆ పనిచే వారి గౌరవ మేమియు తఱుగలేదు. ఇంట మనము జీతము లేక చేయు పనిని పని యనము. అదే పనిని పరదేశమున జీతమునకు చేసిన నీచమందుము. ఈ రెండు తలంపులకు మూలమొకటే. వంటయు శుభ్రతయు నేర్పు నపేక్షింపని పనులను భ్రమ. నలువది మందికి అడవిలో వేళ తప్పక వండిపెట్టిన పిల్ల, ఇల్లు చేరిన పిమ్మట తల్లి చేయు పనిని వేఱు కన్నులతో చూడకపోదు. కాఫీగ్లాసు సంగతి యప్పుడు తానే చక్కబడును.

రెండవ ప్రశ్న బరువైనది. దానికిని సైరంధ్రి కథయే దారి చూపును. ఆమె కొలువులో చేరుటకు ముందే తన నియమములను తెలిపినది: ఒరుల యెంగిలి ముట్టను, ఒరుల పాదములు కడుగను, నాకు రక్షకులు కలరు. పనికి కుదురునాడే పని యెల్లలు పలుకుట దాసీతనము కాదు, వివేకము. అంత వివేకముతో చేరినను ఆమెకు కీచకుని బాధ తప్పలేదు. ఇందు మనము తఱచు మఱచు సంగతి యొకటి కలదు. కీచకు నింటికి పానీయము తెమ్మని యామెను పంపినది స్వయముగ నా రాణియే. సభలో మొఱపెట్టుకొన్నను రాజు నోరు మెదపలేదు. యజమానుని బంధువే కీడు చేయువాడై, యజమానురాలే వాని కడకు పంపునదై, న్యాయము చెప్పవలసినవాడు చూచి యూరకున్నచో, దూరదేశమున నొంటరి పనికత్తె యెవరితో చెప్పుకొనవలెను? ఊరికి తొంబది మైళ్ల దూరమున, ఫోను పలుకని చోట, ఈ ప్రశ్న పురాణము కాదు.

కావున బిడ్డను పంపు తల్లి ‘బాగుగ తినుము, చలికి కప్పుకొనుము’ అని చెప్పుటకు ముందే కొన్నిటి నడిగి తెలిసికొనవలెను. జీతము గంటకెంత, వారమునకెన్ని గంటలు, బసకును భోజనమునకును ఎంత పట్టుకొందురు? ఇవన్నియు కాగితముపై కలవా? పడుకొను గదికి లోపల గడియ కలదా? ఆ గదిలో మఱియెవరుందురు? యజమానుడు గాక మొఱ వినువారెవరు? ఇంటికి మాటాడుటకు ఫోనో ఇంటర్నెట్టో కలదా? వ్యాధి వచ్చిన నాసుపత్రి కెట్లు చేర్తురు? పని నచ్చనిచో నడుమ వెడలుటకు వాహన మెవరిది? పాస్‌పోర్టును ‘భద్రము చేసెదము’ అని యడుగువారి కిచ్చి యుంచరాదు. అది యెప్పుడును పిల్ల చేతనే యుండవలెను.

ఇది యతిజాగ్రత్త యనుకొనవలదు. అమెరికాలో విదేశ విద్యార్థులు వేసవి సెలవులలో పనిచేసి దేశము చూచుట కొక పద్ధతి కలదు. గరిష్ఠకాలము నాలుగు మాసములు. ఆ పద్ధతిపై వచ్చిన విద్యార్థులు 2011 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రమున మిఠాయి సర్దు గిడ్డంగిలో పని మాని బయటకు వచ్చి నిరసన తెలిపిరి. దేశము చూపింతుమని పిలిచి బరువులు మోయించిరనియు, బస బాడుగ పట్టుకొనగా చేతికేమియు మిగులలేదనియు వారి మొఱ. ఆ మఱుసటి యేడు ప్రభుత్వము నిబంధనలను బిగించి, రాత్రి పది మొదలు ఉదయమాఱు వఱకు ప్రధానముగ సాగు పనుల నా విద్యార్థుల కీయరాదని శాసించెను. నోరు విప్పినందుననే యా మార్పు వచ్చినదని మనము గుర్తుంచుకొనవలెను.

వీసా సంగతియు స్పష్టముగ నెఱుగవలెను. అమెరికాలో ఎఫ్-1 అను విద్యార్థి వీసాపై చదువుచున్న మన తెలుగు బిడ్డలు అసంఖ్యాకులు. వారు సెలవులు వచ్చినవి గదా యని అనుమతి లేక యిట్టి బసలలో పనికి చేరరాదు, చదువే చేజాఱును. జీతము లేదు, తిండికి బసకు మాఱుగా పని యని చెప్పినను, పెక్కు దేశముల చట్టమున నదియు పనియే. ఆస్ట్రేలియా మార్గ మిందుకు భిన్నము. 2022లో మన దేశమునకు ఆ దేశమునకు జరిగిన వర్తకపు టొడంబడిక ననుసరించి, 2024 నుండి ఏటా 1,000 మంది భారతీయులకు పనియు విహారమును కూడిన వీసా నిచ్చు నేర్పాటు వచ్చినది. పదునెనిమిది మొదలు ముప్పది యేండ్ల వయసువారై, ఇంటరు పిదప రెండేండ్లయినను చదివి, ఇంగ్లీషు తెలిసి యుండవలెను. దరఖాస్తులు మిక్కుటముగ వచ్చుటచే చీటీలు తీసి యెన్నుదురు. కాలము పండ్రెండు మాసములు. సాధారణముగ నొక యజమాని కడ ఆఱు మాసములకు మించి పనిచేయరాదు. అచట విదేశీయులకును స్వదేశీయులకును కనీస వేతనపు హక్కు సమానము. అది తెలియని పిల్లకు తక్కువ యిచ్చుటకు చూచువారు ఏ దేశముననైన నుందురు. కష్టము వచ్చిన మన రాయబార కార్యాలయమున కలదు. ‘మదద్’ అను పేర మన ప్రభుత్వము 2015లో విదేశములందలి భారతీయుల మొఱలకై యేర్పాటు చేసిన ద్వారమును కలదు. ఈ రెంటి వివరములను పిల్లయు తల్లియు నిరువురును వ్రాసికొని యుంచుకొనవలెను.

ఇంకొక్క కథ చెప్పుదును. మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధు డిచ్చిన పాదలేపమును పూసికొని హిమాలయము చేరెను. కన్నుల కఱవు తీఱ చూచెను. తిరిగిపోదమనుకొనునంతలో మంచునీటికి లేపము కరగిపోయినదని తెలిసెను. అతని కష్టములన్నిటికి మూలమది. పోవుట కుపాయము చేసికొని, మరలుట కుపాయమును గూర్చి తలంపలేదు. దూరదేశపు టడవికి పోవు బిడ్డకు తిరుగుప్రయాణపు పైకము వేఱుగ నొక ఖాతాలో నుంచి, దానిని పనివారు గాని స్నేహితులు గాని ముట్టరాని యేర్పాటు చేసిననే యామెకు ‘ఇట నుండను’ అను మాట యనుటకు ధైర్యము కలుగును. తిరిగిరాగల పిల్లయే నిర్భయముగ నుండగలదు.

ఇన్ని భయములు చెప్పిన పిమ్మట, పోయినందున వచ్చు ఫలమేమో చెప్పకున్న నన్యాయమగును. సీలియా, జిన్నీల కథ బసతో ముగియలేదు. కొండవాలున వండి వడ్డించుచు, అతిథులకు పువ్వుల పేర్లును మృగముల జాడలును చెప్పుచు నేండ్లు గడపుటచే, ఆ యడవి తమ యిల్లుగ వారికి తోచెను. అలాస్కా సముద్రతీరమున నణ్వాయుధములను ప్రేల్చి రేవు త్రవ్వుదమని 1958లో ప్రభుత్వపు శాస్త్రజ్ఞులు తలపెట్టగా నెదిరించిన వారిలో వీరు ముందుండిరి. ఆ ప్రయత్నము విరమింపబడెను. 1960లో అలాస్కా ప్రకృతి సంరక్షణ సంఘమును స్థాపించిరి. 1980లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టముచే అలాస్కాలో పది కోట్ల ఎకరములకు మించిన భూమికి రక్షణ కలిగెను. అందుకై యేండ్ల తరబడి పాటుపడిన వారిలో వీరును కలరు. సీలియా దేశమంతటికి సంబంధించిన యొక యరణ్యసంరక్షక సంస్థకు నాయకురాలై, అట్టి పదవి నందిన మొదటి స్త్రీ యని పేరొందెను. ఆమె 2001లో ఎనుబదిరెండవ యేట, జిన్నీ 2013లో తొంబదియైదవ యేట దివంగతలైరి. ఇల్లు నడపు స్త్రీకి ఇంటిని కాపాడుకొను పట్టుదల సహజము. వారు చేసినదెల్ల ఇంటి గోడలను కొంచెము దూరమునకు జరుపుటయే.

పోయిన పిల్లలందఱు నంతవారగుదురని నేననను. పెక్కురు ఆఱు మాసములు పనిచేసి, నాలుగు కొండలు చూచి, కొంత పైకముతో తిరిగివత్తురు. అదియు చాలును. ఒంటరిగ నుండుట యెట్లో, భాష తెలియనివారితో నొక బల్లపై తినుట యెట్లో, అలసినను మొగము చిట్లింపక అతిథికి నీరందించుట యెట్లో, తగనిమాట యనినవానికి తగిన బదులు చెప్పుట యెట్లో వారు నేర్చి వత్తురు. మన పిల్లలకు మనము చెప్పి నేర్పలేనివి యివి.

మా వీథి తల్లికి నేను ‘పంపుము’ అనియు ననలేదు, ‘పంపకుము’ అనియు ననలేదు. పైన చెప్పిన ప్రశ్నల నొక కాగితముపై వ్రాసి యిచ్చి, ‘వీనికన్నిటికి మీ యమ్మాయి బదులు తెచ్చినచో, ఆమె పోదగినంత పెద్దది యైనదనుకొనుము’ అంటిని. నాలుగు దినములకు ఆ పిల్ల తానే మా యింటికి వచ్చినది. ప్రశ్నలలో సగమున కెదుట చక్కగ బదుళ్లు వ్రాసియున్నది; తక్కిన సగము యజమానుని కడ నడిగి తెలిసికొనవలసినవని గుర్తు పెట్టినది. గది గడియను గూర్చిన ప్రశ్నక్రింద మాత్రము రెండు గీతలు గీచినది. అవి తల్లి గీచినవో కూతురు గీచినవో నేనడుగలేదు.

సోదరీమణులు తమ యింట నిట్టి మాట పుట్టినపుడు కోపముతో తలుపు మూయక, సంతోషముతో కన్నులు మూయక, కూతుతో కూర్చుండి యొక కాగితము వ్రాయుదురుగాక.